నాంచారి పొగబాన

వాగుసీమ రాజ్యంలో ఒక ఏడు ఎండాకాలం రాలేదు. ఆషాఢంలో పట్టిన ముసురు కార్తీకం దాటినా, మాఘం దాటినా విడవలేదు. మళ్లీ ఆషాఢం వచ్చింది, అదే ముసురు. ఉరుమూ లేదు, మెరుపూ లేదు. బూడిదరంగు మేఘం ఒకటి కొండల మీద కూర్చుండిపోయింది. దాన్నుంచి సన్నటి చినుకు ఆగకుండా రాలుతూనే ఉంది. గాలి ఎటు పోయిందో పోయింది, చెట్టు మీద ఆకు కదలడం చూసి ఏడాది అయింది.

పాతర్లలో జొన్నలు మొలకెత్తి కుళ్లిపోయాయి. ఉప్పు కరిగి నీరైంది. రొట్టె చేస్తే మూడోనాటికి బూజు పట్టేది, వేట మాంసం ఒక్క పూటకే పురుగు పట్టేది. జనం ఏ రోజు దొరికింది ఆ రోజు తిని, దొరకని రోజు పస్తుండేవారు.

ఇదంతా నీలజడ అనే రాక్షసి చేసిన పని. పన్నెండు రోజుల నడక దూరంలో, కొండల చివర గుహలో ఉంటుందది. వాగుసీమ గాలినంతా ఒక నల్లరాతి కుండలో బంధించి మూత పెట్టింది. గాలి లేక మేఘం కదలదు. మేఘం కదలక వాన ఆగదు. వరదకు బెదిరి అడవి జంతువులన్నీ మెట్టకు ఎక్కి, ఒక్కొక్కటే దాని గుహ ముందుకు చేరుతాయి. అది కూర్చున్నచోటే కూర్చుని తింటుంది.

కుండ మూత తీసి గాలిని విడిపించినవారికి గిరిదుర్గం ఏలుబడి ఇస్తానని భద్రకేతు మహారాజు చాటింపు వేయించాడు. వీరులకు కొదవ లేదు, కాని ఎవరూ గుహదాకా వెళ్లలేకపోయారు. దారిలో పండూ కాయా కుళ్లిపోయి ఉండేవి. మోసుకుపోయిన తిండి నాలుగోరోజుకు పనికిరాకుండా పోయేది. చాలామంది అయిదోరోజున వెనక్కి తిరిగారు. ఒక్క దళం మాత్రం, చచ్చినా తిరిగి రామని ఒట్టు పెట్టుకుని వెళ్లింది. పదకొండుమంది వెళ్తే ఒక్కడు వచ్చాడు. తనకు కాలు విరగడం వల్ల గుహ దారిలోని లోయ ముఖాన ఆగిపోయానని, మిగతా పదిమందీ తిండి లేకుండానే లోయలోకి దిగారని, ఆరు రోజులు చూసినా ఎవరూ రాలేదని అతను చెప్పాడు. ఆ పదిమందిలో గురవడు ఒకడు.

గురవడి చెల్లెలు నాంచారి. పద్దెనిమిదేళ్ల పిల్ల. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అన్నాచెల్లెళ్లను నాయనమ్మ చెంచవ్వ పెంచింది. కాలు విరిగిన సైనికుడు ఇంటికొచ్చి సంగతి చెప్పినప్పుడు చెంచవ్వ నేల మీద పడి గుండెలు బాదుకుంది. నాంచారి ఆ సైనికుడికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తరువాత కట్టెలు చీల్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. వస్తుందేమో అని రెండు మూడు రోజులు చూసుకుంది కూడా. లోపల ఏదో తిమ్మిరెక్కినట్టు ఉంది, అంతే. ఆకలి వేసేది కాదు. అవ్వ పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం పొయ్యి ఊదుతూ తలెత్తి చూస్తే పైన దూలానికి వేలాడుతున్న దుప్పి తొడ కనబడింది. బయల్దేరే ముందు గురవడు కట్టిందే. తిరిగొచ్చి తింటానన్నాడు. అప్పటినుంచీ చెంచవ్వ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఈపాటికి కుళ్లి ఉంటుంది, తీసి పారేద్దామని నాంచారి పీట లాంటి మొద్దు ఎక్కి తాడు కోసింది. తొడ నల్లగా, చెక్కలా గట్టిగా ఉంది. వాసన చూస్తే కుళ్లు వాసన రాలేదు. కత్తితో కోస్తే లోపల ముదురు ఎరుపు, ఒక్క పురుగు లేదు.

ఇది ఎందుకు చెడలేదని అవ్వను అడిగింది.

"పొయ్యి మీద ఉంది గదే. రెండు నెల్ల పొగ తాగింది. పొగ తాగిన మాంసాన్ని పురుగు ముట్టదు" అంది చెంచవ్వ.

నాంచారి ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పన్నెండు రోజులు చెడని తిండి ఉంటే గుహదాకా వెళ్లవచ్చు. కాని పొయ్యి మీద ఒక్క తొడకు రెండు నెలలు పట్టింది. ఎక్కువ మాంసం, తొందరగా కావాలంటే పొగను ఒకచోట బంధించాలి.

కొత్తగా ఏదీ తేవడానికి లేదు, ఇంట్లో ఉన్నవాటితోనే చెయ్యాలి. గింజలు పోసుకునే పెద్ద బాన ఒకటి అడుగు ఊడిపోయి మూల పడి ఉంది. రొమ్ము ఎత్తు ఉంటుందది. గొడ్లపాక కూలినప్పటి పెంకులు ఉన్నాయి. గురవడి పాత బాణపు పుల్లలు కట్టగా ఉన్నాయి. చిరిగిన గోనెసంచి ఉంది. నాంచారి పెరట్లో పాత తాటాకుల పందిరి కింద చిన్న గుంట తవ్వింది. గుంటనుంచి మూరెడు కాలువ తీసి, పైన పెంకులు పరిచి, సందుల్లో మట్టి మెత్తింది. కాలువ చివర బానను నిలబెట్టింది. ఊడిన అడుగులోంచి పొగ లోపలికి వస్తుంది. బాన మూతికి అడ్డంగా బాణపు పుల్లలు పెట్టి, వాటికి మాంసం వేలాడదీసి, పైన తడిగోనె కప్పింది.

గుంటలో నిప్పు వేస్తే పొగ కాలువలోకి పోనేలేదు. గుంటలోనే ముద్దకట్టి నాంచారి మొహం మీదికి వచ్చింది. పొగను తోయడానికి గాలి లేదు. నాంచారి దగ్గుకుంటూ అంతా విప్పి, బానను పెరటి వెనక గట్టు మీదికి దొర్లించుకుపోయింది. గుంట కిందా బాన పైనా అయ్యేసరికి వేడిపొగ తనంతట తానే పైకి పాకింది.

మొదటిసారి మాంసం పైన ఉడికి లోపల పచ్చిగా ఉండిపోయింది. నాలుగోరోజుకు కంపు కొట్టింది. కాలువ పొట్టిది కావడంతో వేడి నేరుగా తగిలింది. నాంచారి కాలువను మూడు బారలు పొడిగించింది. అప్పుడు బానలోకి వచ్చే పొగ చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. రెండోసారి వేపకట్టె వేసింది, మాంసం నోట పెట్టలేనంత చేదెక్కింది. మూడోసారి వరదకు పడిపోయిన జామచెట్టు కొమ్మలు చీల్చి, లోపలి పొడిచేవను మాత్రం తీసుకుంది. మాంసాన్ని వేలి మందాన పట్టీలుగా కోసి, నీరైపోయిన ఉప్పులోనే ఒక రోజు నానబెట్టింది. మంట లేవకుండా, పొగ ఆగకుండా రెండు పగళ్లూ రెండు రాత్రులూ అవ్వా మనవరాలూ వంతులవారీగా కాచుకున్నారు.

ఆ పట్టీలను చూరుకింద వేలాడదీసి ఇరవై రోజులు ఆగారు. ఇరవయ్యోనాడు నాంచారి ఒకటి తీసి నోట్లో పెట్టుకోబోతే చెంచవ్వ లాక్కుంది.

"ముందు నేను తింటా. నాకేమన్నా అయినా పర్లేదు, నువ్వు చెయ్యాల్సిన పనుంది" అంది.

ఉన్న నాలుగు పళ్లతో చాలాసేపు నమిలింది. సాయంత్రందాకా చూశారు. ఏమీ కాలేదు. పైగా ఇంకోటుంటే ఇవ్వమంది.

నాంచారి ఒక పట్టీ తీసుకుని రాజుగారి కొలువుకు వెళ్లింది. ఇరవై రోజుల కిందటి మాంసమని చెబితే మంత్రి ముక్కు మూసుకున్నాడు. భద్రకేతుడు మాత్రం సింహాసనం దిగివచ్చి, ఆ పట్టీ తీసుకుని, అందరూ చూస్తుండగా తిన్నాడు. తరువాత యాభైమంది సైనికులను వెంట ఇస్తానన్నాడు. తన ఇంట్లో అయిన తిండి ఒక్క మనిషికే సరిపోతుందని, యాభైమందికి చేసేసరికి ఇంకో ఏడాది పడుతుందని నాంచారి చెప్పింది. భయంగా లేదా అని ఆయన అడిగితే, లేదంది. గొప్పకు అనలేదు. నిజంగానే లేదు.

నలభై ఎనిమిది పట్టీలు మూట కట్టుకుని ఆమె ఒంటరిగా బయల్దేరింది. రోజుకు రెండు చొప్పున పోను పన్నెండు రోజులకు, రాను పన్నెండు రోజులకు సరిగ్గా సరిపోతాయి.

నాలుగోరోజున వరద నది అడ్డం వచ్చింది. ఒడ్డున ఒక పెద్ద మొసలి పడుకుని ఉంది. ఎన్ని వందల ఏళ్లదో, దాని వీపు మీద తుప్పలు మొలిచాయి. బురదనీటిలో చేపలన్నీ చచ్చిపోయి నాలుగు నెలలుగా పస్తున్నానని, తిండి పెట్టినవాళ్లను అవతల దింపుతానని, పెట్టనివాళ్లను తింటానని అది మనిషి గొంతుతోనే చెప్పింది. ఎంత కావాలని నాంచారి అడిగింది. ఉన్నదాంట్లో సగం కావాలంది మొసలి. ఆమె మూట విప్పి ఇరవై పట్టీలు లెక్కపెట్టి దాని నోట్లో పడేసింది. తిరుగు ప్రయాణానికి తిండి పోయిందన్నమాట. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా మనసులో ఏమీ కదలలేదు. మొసలి వీపు మీద తుప్పను పట్టుకుని నది దాటింది.

ఏడోరోజున ఒక బండ కింద ఒక ముని కనిపించాడు. నాచు పట్టి ఆయన గడ్డమూ బండా కలిసిపోయాయి. నాంచారి దణ్ణం పెట్టి ఒక పట్టీ ఆయన ముందు ఉంచింది. ముని కళ్లు తెరిచి ఆమెను పరకాయించి చూశాడు. ఏం కావాలని అడిగాడు.

"నాకేం వద్దు సామీ. గుహకు దారి ఇటేనా?"

"వాన ఆగాలని లేదా?"

"ఆగితే మంచిదే."

ముని దారి చెప్పాడు. ముందున్నది పిలుపుల లోయ. అందులో అడుగుపెట్టినవాళ్లకు తమ మనసు ఎవరికోసం కొట్టుకుంటుందో వారి గొంతు వినిపిస్తుంది. చెవులు మూసుకున్నా వినిపిస్తుంది, ఎందుకంటే అది బయటి చప్పుడు కాదు. బదులిచ్చి ఆగినవాళ్లు కూర్చుంటారు. కూర్చున్నవాళ్లు ఇక లేవరు.

"నీకు దాటడం కష్టం కాదు తల్లీ. దాటాక కష్టం" అన్నాడు ముని. ఆ మాటకు అర్థమేమిటో నాంచారి అడగలేదు.

మరునాడు లోయలోకి దిగింది. కాసేపటికే గురవడి గొంతు వినిపించింది. బాగా అలిసిపోయినప్పుడు అతను ఎలా మాట్లాడతాడో అలాగే ఉంది.

"నాంచారీ, కాళ్లు లాగుతున్నాయే. కాసేపు ఆగు, కలిసి పోదాం."

ఆమె ఆగలేదు. చినుకుల్ని విన్నట్టే ఆ గొంతునూ వింటూ నడిచింది. గొంతు పక్కనే వచ్చింది, చిన్నప్పటి పేరుతో పిలిచింది, అవ్వ ఎలా ఉందని అడిగింది. దారి పక్క ఒక బండకు పది ఈటెలు వరసగా ఆనించి ఉన్నాయి. మూడోదానికి రాగితీగ చుట్టి ఉంది. అది ఎవరి ఈటో ఆమెకు తెలుసు. చూసింది, దాటిపోయింది. లోయ చివర గొంతు ఆగిపోయింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, అన్న పిలిస్తే నేను పలకలేదు కదా అనుకుంది. అది ఎవరో ఇంకొకరి సంగతిలా అనిపించింది.

పన్నెండోరోజు మధ్యాహ్నానికి గుహ వచ్చింది. నీలజడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. కూర్చుంటేనే తాటిచెట్టంత ఉంది. దాని నీలపు జడలోంచి నీళ్లు కారుతున్నాయి. చుట్టూ సగం తిని వదిలేసిన జంతువులు కుళ్లిపోతున్నాయి. వాన దాని ఇంటి మీద కూడా పడుతుంది మరి. ఏడాదినుంచి ఆ రాక్షసి తింటున్నది కుళ్లు మాంసమే.

అది నాంచారిని రెండువేళ్లతో నడుం దగ్గర పట్టి ఎత్తింది. నోటిదాకా తీసుకుపోయి ఆగి, ముక్కులు ఎగబీల్చింది.

"ఒసే మనిషిపిల్లా, ఆ మూటలో వాసన ఏమిటి?"

నాంచారి మూటను విప్పి చూపింది. అందులో మిగిలిన మూడు పట్టీలనూ నీలజడ నాలుక మీద వేసుకుంది. నమిలేకొద్దీ దాని కళ్లు మూతపడ్డాయి. ఇంకా కావాలంది. ఇంకా లేవని, కాని తనను తినకుండా ఉంటే ఇక్కడే ఎంత కావాలంటే అంత చేసిపెడతానని నాంచారి చెప్పింది. చేసిపెట్టాక తింటానంది రాక్షసి. సరే అంది నాంచారి.

గుహలో పనికొచ్చే చెత్తకు లోటు లేదు. పగిలిన బాన ఒకటి దొరికింది, ఏనుగును దాచుకునేంత పెద్దది. దాన్ని రాక్షసి చేతే జరిపించింది. దుప్పి కొమ్ములను అడ్డపుల్లలుగా పెట్టింది. కాలువ మీద పెంకుల బదులు తాబేటి చిప్పలు పరిచింది. రాక్షసి అప్పుడే పట్టిన ఎనుబోతు మాంసాన్ని పట్టీలుగా కోసి వేలాడదీసి, పైన గోనెకు బదులు దాని తడి తోలు కప్పింది. అంతా తన పెరట్లో చేసినట్టే చేసింది. ఒక్కటి తప్ప. గుంటనూ బాననూ గుహ నేల మీద సమంగా, ఒకే ఎత్తులో పెట్టింది.

నిప్పు వేస్తే పొగ గుంటలోనే ముద్దకట్టింది. బానలోకి ఒక్క పోగు వెళ్లలేదు. ఎందుకు పోవడం లేదని నీలజడ విసుక్కుంది.

"గాలి లేదు పెద్దమ్మా. గాలి లేనిచోట ఇది పనిచెయ్యదు. మా ఊళ్లో కొంచెం ఉండేది" అంది నాంచారి.

రాక్షసి ఆలోచించింది. దాని నోట్లో ఆ రుచి ఇంకా పోలేదు. లేచివెళ్లి గుహ వెనకనుంచి నల్లరాతి కుండ తెచ్చి, గుంట పక్కన పెట్టుకుని, రెండు చేతులతో మూతను అదిమిపట్టి, బొటనవేలి మందాన జరిపింది. కుండలోంచి సన్నటి గాలి ఈల వేసుకుంటూ వచ్చింది. పొగ కదిలి కాలువలోకి పరుగెత్తింది. ఏడాది తరువాత గాలి ఒంటికి తగలడంతో నాంచారి చేతుల మీద రోమాలు లేచాయి.

ఎంతసేపు పట్టుకోవాలని రాక్షసి అడిగింది. రెండు రోజులని, మధ్యలో వదిలితే మాంసం పాడవుతుందని నాంచారి చెప్పింది.

నీలజడ ఒక రోజంతా కదలకుండా మూత పట్టుకుంది. రెండోరోజు పొద్దెక్కాక నాంచారి గుంటలో కాలుతున్న పొడికట్టె తీసేసి, గుహ ముందున్న పచ్చి వేపకొమ్మలు తెచ్చి గుంటలో కుక్కింది. పసుపుపచ్చటి ఘాటుపొగ లేచింది. నాంచారి కళ్లలోంచి నీళ్లు ధారగా కారి గడ్డం మీదినుంచి రాలాయి. అది పొగవల్లే. రాక్షసి కళ్లు ఒక్కొక్కటి చేటంత ఉంటాయి, దానికి మంట అంతకంత పెట్టింది. తల విదిలించింది. భుజానికేసి రుద్దుకోబోయింది, అందలేదు. పళ్లు బిగబట్టి కాసేపు ఓర్చుకుంది. చివరికి మూత మీదినుంచి ఒక చెయ్యి తీసి కళ్లు నులుముకుంది.

ఒక చెయ్యి చాలలేదు. మూత ఎగిరి గుహ కప్పుకు తగిలి ముక్కలైంది. ఏడాది గాలి ఒక్కసారిగా బయటపడింది. నాంచారి నేల మీద బోర్లాపడి తాబేటి చిప్ప కింద దూరింది. గాలి ముందుగా నీలజడ జడను పట్టుకుంది. తరువాత దాన్ని గుమ్మంలోంచి లాగి, ఎండుటాకును తీసుకుపోయినట్టు తూర్పు కొండలు దాటించి సముద్రం మీదికి తీసుకుపోయింది. మళ్లీ దాన్ని చూసినవారు లేరు.

చిప్ప కిందినుంచి నాంచారి బయటికి వచ్చేసరికి మేఘం పడమటినుంచి చాపలా చుట్టుకుపోతోంది. కొండ మీద ఎండ పడింది. ఆమె ఎండలో నిలబడింది. సంతోషంగా ఉండాలి కదా అనుకుంది. వెచ్చగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

రాక్షసి బానలో పొగబట్టిన మాంసం దారికి సరిపోయింది. తిరిగివస్తుంటే పిలుపుల లోయ నిశ్శబ్దంగా ఉంది, రాక్షసితోపాటే పిలుపులూ పోయాయి. బండ దగ్గర ఈటెల కింద పదిమంది ఎముకలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఏవి ఎవరివో తెలియదు. ఆ రోజంతా రాళ్లు మోసి అందరినీ కప్పి, పది ఈటెలూ చుట్టూ గుచ్చింది. నది తగ్గి మోకాలి లోతుకు వచ్చింది. మొసలి ఇసుక మీద ఎండ కాచుకుంటూ ఒక కన్ను తెరిచి చూసి మూసుకుంది.

ఆమె వచ్చేసరికి వాగుసీమలో ప్రతి కంప మీదా, ప్రతి గోడ మీదా బట్టలూ గింజలూ ఆరుతున్నాయి. రాజు తానే పొలిమేరదాకా ఎదురు వచ్చాడు. కొలువులో ఆమెకు గిరిదుర్గం తాళాలు ఇచ్చాడు. ఆ దుర్గాన్ని నాంచారి ముప్పై ఆరేళ్లు ఏలిందనీ, ఆమె ఏలుబడిలో ప్రతి పల్లెలోనూ ఒక పొగబాన కట్టించిందనీ, ఏ వానకూ ఏ కరువుకూ అక్కడ ఎవరూ ఆకలితో పోలేదనీ చెబుతారు. అయితే దుర్గం ఎక్కే ముందు ఆమె రాజును ఒకటి అడిగింది. ఆ పదిమంది ఇళ్ల ఆడవాళ్లను లోయకు తీసుకుపోవడానికి పల్లకీలు కావాలంది.

వెళ్లినవాళ్లలో అందరికన్నా పెద్దది చెంచవ్వ. లోయలో పల్లకీ దిగి, చేతికర్రతో మెల్లగా రాళ్లకుప్ప దగ్గరికి వెళ్లింది. మిగతావాళ్లు ఏడుస్తున్నారు. చెంచవ్వ ఏడవలేదు. ఒక రాయి మీద చెయ్యి వేసి, పొద్దుపోయి ఇంటికొచ్చిన మనవడిని కసిరినట్టు కసిరింది.

"ఇంత దూరం వచ్చి కూర్చున్నావట్రా గురవా. ముసల్దాన్ని ఎన్ని కొండలు ఎక్కించావో చూడు. నీ చెల్లెల్ని కూడా ఎండలో నడిపించావు. దాని మొహం ఎట్టా పీక్కుపోయిందో చూశావా?"

నాంచారికి ముందు నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలోనే మోకాళ్ల మీద పడింది. అన్నా, నువ్వు పిలిస్తే నేను ఆగలేదు, అని ఒక్కటే మాట మళ్లీ మళ్లీ అంటూ ఆడవాళ్లందరి ముందూ బిగ్గరగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. చెంచవ్వ పక్కన కూర్చుని, ఏడుపు అయిపోయేదాకా వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాంచారి కొంగుతో మొహం తుడుచుకుంది. కొంతసేపటికి, "ఆకలేస్తోంది అవ్వా" అంది.

చెంచవ్వ ఒక్క క్షణం ఆమెను చూసి గబగబా మూట విప్పింది. ఎండకు ఆరిన జొన్నల రొట్టెలూ, చింతకాయ తొక్కూ, ఉల్లిపాయలూ తెచ్చింది. మిగతా ఆడవాళ్లు కూడా తమ మూటలు విప్పారు. అందరూ ఆ రాళ్ల నీడనే కూర్చుని తిన్నారు. నాంచారి నాలుగు రొట్టెలు తిని, అయిదోదానికి చెయ్యి చాచింది.